పొడుగుకొమ్ములవారి బంతియాట

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణమున టెక్సాసు అను విశాలమైన రాష్ట్రము కలదు. దాని రాజధాని ఆస్టిను. మన తెలుగువారు పెక్కుమంది హూస్టను, డల్లాసు, ఆస్టిను నగరములలో కాపురములుండుటచే ఈ పేర్లు నేడు మన పల్లెలలో సైతము వినబడుచున్నవి. కుమారుని యొద్దనుండియో మనుమరాలి యొద్దనుండియో వచ్చు వార్తలలో అచటి ఎండలు, అచటి ఉద్యోగములు తెలియవచ్చునుగాని, ఆ ఊరివారు దేనిని తమ తాతలనాటి సొత్తుగా నెంచుకొందురో అంతగా తెలియదు. ఆస్టినులో 1883లో ప్రారంభమైన టెక్సాసు విశ్వవిద్యాలయపు విద్యార్థులాడు బేస్‌బాలు అట్టి సొత్తులలో నొకటి. దానిని గూర్చి నేడు కొంత విన్నవించెదను.

ముందుగా ఆట సంగతి. బిళ్ళంగోడును, క్రికెట్టును ఎరిగినవారికి ఇది కష్టము కాదు. ఒక్కొక్క జట్టున తొమ్మండుగురు ఆటగాండ్రు. నేలపై తొంబదేసి అడుగుల భుజములుగల చతురమునకు నాలుగు మూలలుండును; వానిని బేసులందురు. ఒక మూలయొద్ద బ్యాటు పట్టినవాడు నిలుచును. అరువది అడుగుల దూరమున, చిన్న మట్టిదిబ్బమీదనుండి ఎదుటి జట్టువాడు బంతిని విసరును. క్రికెట్టులోవలె బంతి నేలదాకి లేచుట లేదు, గాలిలోనే వచ్చును. కొట్టినవాడు తక్కిన మూడు మూలలను చుట్టి మరల బయలుదేరిన మూలకు చేరెనా, ఒక పరుగు. ముగ్గురు ఔటైనచో జట్టు వంతు ముగియును. చెరి తొమ్మిది వంతులు. అప్పటికిని పరుగులు సమానముగా నున్నచో ఆట ఆగదు. ఒకరు గెలుచువరకు వంతులు సాగుచునే యుండును. ఈ చివరి నియమమును దయచేసి జ్ఞాపకముంచుకొనుడు.

టెక్సాసు విద్యార్థులకు లాంగ్‌హార్న్‌లని పేరు. పొడుగుకొమ్ముల పశువులని యర్థము. పూర్వము స్పెయిను దేశస్థులు తెచ్చిన పశువులు ఆ బయళ్లలో విచ్చలవిడిగా పెరిగి, బారెడేసి కొమ్ములతో ఒక ప్రత్యేకజాతి యయ్యెను. చూపుడువ్రేలును చిటికెనవ్రేలును చాచి తక్కిన వ్రేళ్లను మడచి చేతిని పైకెత్తుట వారి గుర్తు. ఇది 1955లో మొదలైనది. వారి వన్నె కాషాయమునకు దగ్గరగానుండు ముదురు నారింజ. విశ్వవిద్యాలయము నడుమ 1937లో ముగిసిన 307 అడుగుల గోపురమొకటి కలదు. గొప్ప విజయము కలిగిన రాత్రి దానిపై నారింజవన్నె దీపములు వెలిగింతురు. ఊరివారు ఏమి జరిగెనని యెవరినీ అడుగనక్కర లేదు. తలయెత్తి చూచిన చాలును.

ఈ జట్టు కథ గురుపరంపరతో ముడివడియున్నది. 1911లో బిల్లీ డిష్ అనునతడు శిక్షకుడుగా వచ్చెను. 1939 వరకు, అనగా ఇరువదితొమ్మిదేండ్లు, అతడే గురువు. శిష్యులు అతనిని బిల్లీ బాబాయి అని పిలుచుచుండిరి. అతని కాలముననే, 1928లో, క్లార్క్ ఫీల్డు అను క్రొత్త ఆటస్థలము సిద్ధమైనది. దాని విచిత్రమును గూర్చి చెప్పకుండుటకు నాకు మనసొప్పదు. సాధారణముగా ఆటస్థలము చదునుగా నుండవలెను గదా! ఇచట మైదానపు వెనుకభాగమున రెండు నిలువుల యెత్తున సున్నపురాతి కరడు ఒకటి నిట్టనిలువుగా నిలిచియుండెను. దానిని తొలగింపలేదు. బంతి దానిమీద పడినను ఆట ఆగదు. బ్యాటు కొట్టినవాడు పరుగెత్తుచునే యుండును. బంతి తెచ్చువాడు గుట్ట నెక్కవలెను. ఎక్కుటకు ఒక సన్నని మేకలదారి యుండెను. అందుచే దానికి మేకపోతు గుట్ట అని పేరు వచ్చినది. ఊరి కుఱ్ఱలు ఆ దారిని కన్నులు మూసికొని యెక్కగలిగియుండిరి. పొరుగూరినుండి వచ్చిన జట్టువారు క్రింద నిలిచి పైకి చూచుచుండగా పరుగులు నడిచిపోవుచుండెను. ఇది న్యాయమా యని కొందరడుగవచ్చును. ఎవరి చెరువు లోతు వారికి తెలియుననుట తప్ప నేను వేరు సమాధానము చెప్పలేను.

డిష్‌కు పిమ్మట 1940లో అతని శిష్యుడే బిబ్ ఫాల్క్ గురుపీఠమెక్కెను. ఇతని పూర్వకథ వినదగినది. 1919లో చికాగో వైట్‌సాక్సు అను వృత్తిజట్టువారు కొందరు లంచముగొని కావలెనని ఓడిరను నింద పుట్టినది. న్యాయస్థానము వారిని 1921లో నిర్దోషులని విడిచినను, ఆటను పాలించు అధికారి ఎనమండుగురిని జీవితాంతము వెలివేసెను. వెలివేయబడినవారిలో షూలెస్ జో జాక్సన్ అను మహా ఆటగాడొకడు. అతని స్థానమున నిలిచినవాడు ఈ ఫాల్క్. చచ్చినవారికి కూడ ఆ వెలి తప్పలేదు. 2025లో మాత్రమే దానిని ఎత్తివేసిరి. పండ్రెండేండ్లు వృత్తిగా ఆడి, ఫాల్క్ ఆస్టిను చేరెను. ఎదుటిజట్టువారిని మాటలతో కవ్వించుటలో ఘటికుడని అతనికి పేరు. రెండవ ప్రపంచయుద్ధమున మూడేండ్లు సైన్యమున నుండుటచే ఆ కాలమున వేరొకరు జట్టును నడిపిరి. మరల వచ్చి 1967 వరకు శిక్షణ గరపెను. 1949, 1950 సంవత్సరములలో అతని జట్టు వరుసగా రెండుమార్లు జాతీయ విజేత యయ్యెను. అట్లు రెండేండ్లు వరుసగా గెలుచుట ఆ పోటీలో అదియే మొదలు.

పోటీ యనగా, విశ్వవిద్యాలయ జట్ల మధ్య 1947 నుండి జరుగు కాలేజి వరల్డ్ సిరీసు. 1950 నుండి నెబ్రాస్కా రాష్ట్రపు ఒమాహా నగరమే దానికి స్థానము. 1999 నుండి అరువదినాలుగు జట్లను ఎన్నుకొని, వడపోసి, చివరకు ఎనిమిదింటిని ఒమాహాకు పిలుచుచున్నారు. ఒకమారు ఓడినంతమాత్రమున బయటికి పంపరు. రెండవమారు ఓడిన వెడలవలెను. 2022 నాటికి టెక్సాసువారు 38 మార్లు ఒమాహాకు, లేక దానికి పూర్వపు స్థానములకు, చేరియున్నారు. ఇన్నిమార్లు చేరిన జట్టు వేరొకటి లేదు. ఆరుమార్లు గెలిచిరి: 1949, 1950, 1975, 1983, 2002, 2005.

ఇంత ఘనకీర్తి చెప్పుచు ఒక సంగతిని దాచుట న్యాయము కాదు. ఆ తొలినాళ్ల జట్లన్నియు తెల్లవారివే. నల్లజాతి బాలురకు ఈ విశ్వవిద్యాలయపు పట్టపరీక్ష తరగతులలో 1956 వరకు ప్రవేశమే లేదు. ప్రవేశము దొరికిన పిమ్మటను 1963 వరకు వారు విశ్వవిద్యాలయ జట్లలో ఆడరాదు. గోడయవతల నిలిచి ఆట చూచిన పిల్లలలో ఎందరు గొప్ప ఆటగాండ్రుండిరో ఎవరు లెక్కింపగలరు? మనదేశమున గుడివాకిట నిలిపివేయబడినవారిని చూచిన పెద్దలకు ఈ మాట విడమరచి చెప్పనక్కర లేదు. పరంపర పవిత్రమని మనము చెప్పునపుడు, అది ఎవరిని లోనికి రానిచ్చినదో కూడ చెప్పవలెను.

1968లో ఫాల్క్ శిష్యుడు క్లిఫ్ గస్టఫ్సన్ వచ్చెను. సాన్ ఆంటోనియో నగరపు ఒక ఉన్నత పాఠశాలలో బాలురకు ఆట నేర్పి పేరుగన్నవాడు. ఇరువదితొమ్మిదేండ్లలో పదునేడుమార్లు జట్టును ఒమాహాకు కొనిపోయెను. 1,466 ఆటలు గెలిచెను. అతని కాలముననే క్లార్క్ ఫీల్డు అంతరించినది. 1974తో అచట ఆట ముగిసి, ఆ చోట సంగీత నాటకశాలకై తావు చేసిరి. మేకపోతు గుట్ట పోయినది. క్రొత్త ఆటస్థలము చదునైనది, అందమైనది. దానికి ఇద్దరు పూర్వగురువుల పేర్లు కలిపి డిష్‌ఫాల్క్ ఫీల్డు అని పెట్టిరి. అది తెరచిన సంవత్సరమే, 1975లో, జట్టు జాతీయ విజేత యగుటచే, గుట్టతో పాటు అదృష్టము పోవునని బెంగపడిన వృద్ధులు ఊరడిల్లియుందురు. 1983లో చివరి ఆటను తుదివరకు విసరి గెలిపించిన యువకుడు రోజర్ క్లెమెన్స్. పిమ్మట వృత్తి ఆటలో మిక్కిలి పేరుగాంచెను.

మరుసటి సంవత్సరము, 1984లో, మరల చివరి ఆటవరకు చేరి ఓడిరి. ఓడించినది కాలిఫోర్నియాలోని ఫుల్లర్టను విద్యాలయము. ఆ జట్టు గురువు ఆగీ గరీడో. 1996లో గస్టఫ్సన్ విరమించినపుడు టెక్సాసువారు ఎవరిని పిలిచిరి? శిష్యులలో నొకనిని కాదు; తమ్ము ఓడించిన ఆ గరీడోనే. డిష్ శిష్యుడు ఫాల్క్, ఫాల్క్ శిష్యుడు గస్టఫ్సన్, ఇట్లు ఎనుబదియైదేండ్లు సాగిన వరుస అచట తెగినది. ఊరివారు అతనిని వెంటనే తమవానిగా చూచుకొనలేదు. తొలి సంవత్సరములు అంతంతమాత్రముగనే నడచినవి. ఓపిక పట్టినవారికి 2002లో ఫలము దక్కెను. 2005లో మరల దక్కెను. గెలిచిన ఆటల సంఖ్యలో 2003లో అతడు గస్టఫ్సన్‌నే మించి, 2016లో విరమించునాటికి 1,975కు చేరెను. ఆనాటికి ఆ శ్రేణిలో అంతటి సంఖ్య వేరెవరికిని లేదు. 2018లో మరణించెను.

గరీడో బోధనలో ఒకటి మన పెద్దలకు నచ్చును. బ్యాటు పట్టినవాడు బంతిని బలముగా కొట్టక, బ్యాటును అడ్డముగా పట్టి మెల్లగా తాకించి నేలపై దొరలించును. తాను ఔటగుట దాదాపు నిశ్చయము. కాని ఆ సందున ముందున్న తోడివాడు మరియొక మూలకు చేరును. దీనిని ఆటవారి భాషలోనే త్యాగము అందురు. లెక్కలు వేయు క్రొత్తతరమువారు ఇది నష్టమే యని వాదింతురు. వారి లెక్క తప్పని నేననను. కాని జట్టులో ప్రతివాడును ఒకనాడు తనకై గాక పొరుగువానికై బ్యాటు పట్టుట నేర్చుటకు ఇంతకన్న సులభమైన పాఠము నాకు తోచుట లేదు.

ఇప్పుడు మీరు జ్ఞాపకముంచుకొన్న నియమమునకు వత్తము. 2009 మే 30వ తేది సాయంకాలము డిష్‌ఫాల్క్ ఫీల్డులో టెక్సాసువారికిని బోస్టను కాలేజివారికిని ఆట ప్రారంభమైనది. తొమ్మిది వంతులు ముగిసినవి, సమానము. పదునైదు, ఇరువది వంతులు, సమానము. అర్ధరాత్రి దాటినను జనము కదలలేదు. ఏడవ వంతున బంతి అందుకొన్న ఆస్టిన్ వుడ్ అను టెక్సాసు యువకుడు పదుమూడు వంతులపాటు విసరెను. అందు పండ్రెండు వంతులకు పైగా ఎదుటివారు ఒక్క మంచి దెబ్బయు కొట్టలేకపోయిరి. మొత్తము 169 విసరులు. ఇరువదియైదవ వంతున టెక్సాసు 3–2 పరుగులతో గెలిచినది. పట్టిన కాలము 7 గంటల 3 నిమిషములు. విద్యాలయముల ఆటలో ఇంత నిడివిగలది లేదు. జనము జేజేలు కొట్టిరి. ఒక బాలుని భుజముపై అంత భారము మోపుట తగునా యని ప్రశ్నించినవారును కలరు. ఆ ప్రశ్న వేసినవారే ఆ రాత్రి విద్యార్థికి నిజమైన బంధువులని నా అభిప్రాయము. కొనియాడబడు సాహసమున సగము కుఱ్ఱవానిది. మిగిలిన సగమునకు పెద్దలు జవాబుదారులు.

ఆ సంవత్సరము చివరి పోటీలో లూయిసియానావారి చేత ఓడిరి. గరీడో తరువాత డేవిడ్ పియర్సు అనునతడు మూడుమార్లు జట్టును ఒమాహా చేర్చినను గెలిపింపలేదు. 2024 జూనులో మరియొక వింత జరిగినది. టెక్సాసువారికి ఆగర్భశత్రువులనదగినవారు ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయము వారు. వారి శిక్షకుడు జిమ్ ష్లోస్నాగిల్ ఒమాహాలో తుది ఆట ఓడిన మరునాడే వారిని విడిచి ఆస్టినుకు వచ్చెను! ఒక ఊరివారు పండుగ చేసికొనగా, మరియొక ఊరివారు ద్రోహమనిరి. శిక్షకులే గాక ఆటగాండ్రును ఇప్పుడు స్వేచ్ఛగా విద్యాలయములు మారుచున్నారు. 2021 నుండి వారు తమ పేరుతో ధనమార్జింపవచ్చును. 2025 నుండి విద్యాలయములే వారికి నేరుగా సొమ్మియ్యవచ్చును. పూర్వపు భక్తి పోయినదని నిట్టూర్చువారి బాధ నేనెరుగుదును. కాని పిల్లల చెమటతో విద్యాలయములు ఆర్జించి, వారికి చదువు తప్ప వేరేమియు ఈయని కాలమును బంగారుకాలమని పొగడుట సబబు కాదు.

క్రొత్త గురువుతో, 2025లో, జట్టు ఆగ్నేయ సంఘమున అడుగిడిన మొదటి సంవత్సరమే ఆ సంఘపు ప్రథమస్థానము గెలిచినది. ఒమాహా ఖాయమని ఊరంతయు అనుకొనెను. మే తుదిని, జూను మొదట ఆస్టినులోనే, డిష్‌ఫాల్క్ ఫీల్డులోనే, వారిని రెండుమార్లు ఓడించి ఇంటికి పంపిన జట్టు సాన్ ఆంటోనియోనుండి వచ్చినది. అది టెక్సాసు విశ్వవిద్యాలయ కుటుంబమునకే చెందిన వేరొక విద్యాలయము. గస్టఫ్సన్ బాలురకు ఆట నేర్పినది ఆ నగరముననే. ఆ రాత్రి గోపురముపై నారింజ దీపములు వెలుగలేదు.