వారానికొక మాత్ర, తోడుగా విటమిన్

విశాఖ ద్వారకా నగర్ నుంచి ఒక పాఠకురాలు పంపిన ప్రశ్నను పక్కన పెట్టడం నా వల్ల కాలేదు. కీళ్లవాతానికి డాక్టరు వారానికొకసారి మెథోట్రెక్సేట్ రాశారు. అది క్యాన్సర్ మందని తెలిసి ఆమె హడలిపోయారు. అదే చీటీలో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకోవడమే మొదటిదాని పని అయితే రెండోది ఎందుకని ఆమె సందేహం. తప్పు ఆమెది కాదు, ఈ మందు కణాన్ని విటమిన్ లేకుండా మాడుస్తుందని చెప్పే పాత వివరణది. మెథోట్రెక్సేట్ కణంలోని ఫోలేట్‌ను, అంటే ఫోలిక్ యాసిడ్ రూపంలో మనం వేసుకునే ఆ విటమిన్‌ను, తీసెయ్యదు. ఉన్నదాన్నే పనికిరాని రూపంలో ఇరికిస్తుంది.

డీఎన్ఏకి థైమీన్ కావాలి. యురాసిల్ ఉన్న అణువుకు ఒక మిథైల్ గుంపును తగిలిస్తే అది తయారవుతుంది. అందుకు కావలసిన కార్బన్‌ను మోసుకొచ్చేది ఫోలేట్. కణంలో ఇలాంటి ఒంటి కార్బన్ సరుకును అది చాలాచోట్ల దించుతుంది. దించాక టెట్రాహైడ్రోఫోలేట్‌గానే ఉండి, మళ్లీ సరుకెత్తుకోవడానికి సిద్ధమవుతుంది. థైమీన్ దగ్గర మాత్రం కార్బన్‌తో పాటు తన హైడ్రోజన్లనూ ఇచ్చేసి డైహైడ్రోఫోలేట్‌గా మిగులుతుంది. ద్వారకా బస్ స్టేషన్‌లో బస్సులన్నీ జనాన్ని దించి మళ్లీ బయల్దేరుతుంటే, ఒక్క రూటు బస్సు మాత్రం ప్రతి ట్రిప్పుకీ డీజిల్ అయిపోయి డిపోకి పోవాల్సిందే అనుకోండి. ఆ డిపోయే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము. మెథోట్రెక్సేట్ వెళ్లి దాని గేటులో అడ్డంగా కూర్చుంటుంది. అసలు సొగసంతా ఇక్కడే ఉంది. డీఎన్ఏ తయారుచేయని కణంలో ఆ రూటు దాదాపు నడవదు కాబట్టి గేటు మూసినా పెద్దగా నష్టం లేదు. విభజన జోరుగా సాగే కణంలో మాత్రం ఎంత జోరుంటే అంత త్వరగా ఫోలేట్ అంతా ఇరుక్కుపోతుంది.

ఇదంతా తెలియకముందే మందు పుట్టేసింది. 1940ల మధ్యలో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి పరిశోధకులు ఫోలిక్ యాసిడ్‌తో ఎలుకల రొమ్ము కణితులు తగ్గాయని ప్రకటించారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాని బంధువర్గపు పదార్థాలను లుకేమియా పిల్లలకిస్తే రోగం విజృంభించినట్టు కనిపించింది. ఆ విజృంభణ నిజమా కాదా అన్నది వేరే తగువు. ఆయన వెంటనే ఎదురు దారి పట్టడమే నాకు గొప్పగా తోస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన బృందం ఫోలిక్ యాసిడ్‌కు వైరి అణువు అమినోప్టెరిన్‌ను ఇచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి: 16 మంది పిల్లల్లో 10 మందికి, తాత్కాలికంగానే అయినా, మెరుగు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు ఒక మిథైల్ గుంపు చేర్చితే మెథోట్రెక్సేట్. ఈ రెండూ పట్టుకునేది ఆ రిడక్టేజ్‌నేనని 1958లో గానీ తేలలేదు.

కణాన్ని విటమిన్ లేకుండా మాడుస్తుందనే ఆ పాత వివరణను పడగొట్టే సాక్ష్యం ఆసుపత్రుల్లోనే ఉంది. భారీ మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చాక రోగిని కాపాడటానికి ఫోలిక్ యాసిడ్ పనికిరాదు, ఎందుకంటే అది కూడా ఆ గేటులోంచే పోవాలి. డిపోతో పనిలేకుండా రోడ్డెక్కగల ఫోలినిక్ యాసిడ్ ఇవ్వాల్సిందే. మరి ఎముక మజ్జ, నోటి పొర కూడా జోరుగా విభజన చెందేవే కదా అంటారా? నిజమే, నోటిపూత అందుకే వస్తుంది. ఈ మందు క్యాన్సర్‌ను గుర్తుపట్టదు, వేగాన్నే గుర్తుపడుతుంది. క్యాన్సర్ కణాలు లొంగకుండా పోతాయి కదా అంటే, అదీ ఈ వాదనకే బలం. 1978లో రాబర్ట్ షిమ్కే బృందం మందుకు లొంగని కణాల్లో రిడక్టేజ్ జన్యువు అనేక నకళ్లుగా పెరిగిపోయిందని చూపింది. కణం విటమిన్ వెతుక్కోలేదు, డిపోలు కట్టుకుంది.

ఇక పాఠకురాలి చీటీ. కీళ్లవాతానికిచ్చే చిన్న మోతాదులో గేటు పూర్తిగా మూసుకోదు, అందుకే ఫోలిక్ యాసిడ్ లోపలికి పోయి నోటిపూతను, వికారాన్ని తగ్గిస్తుంది. వాపును అణచేది చాలావరకు వేరే దారిలో, అడినోసిన్ అనే పదార్థం పేరుకోవడం వల్ల అని ఎక్కువమంది అంటారు. అందుకే విటమిన్ చేరినా మందు గుణం పెద్దగా తగ్గదు. నా గొణుగుడల్లా ఒక్కటే. వారానికొకసారి వేసుకోవాల్సిన ఈ మాత్రను పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. చీటీ మీద ఏ రోజో, సోమవారమో గురువారమో, తెలుగులో రాసివ్వడానికి డాక్టర్లకు అరనిమిషం కూడా పట్టదు.