వాడిన ఎస్‌యూవీ కారు - దాని రెండవ వెల

పంట బాగుగ పండిన యేడును, భూమికి పరిహారము చేతికందిన యేడును సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల రైతుల దృష్టి వాడిన ఎస్‌యూవీ కార్లపై పడుచుండును. బండి ఎత్తైనది, గుంతల బాటకు తట్టుకొనును. వెలయు క్రొత్తదానికంటె ఎంతయో తక్కువ. కాని అమ్మువాడు చెప్పునది మొదటి వెల మాత్రమే. కొన్న మొదటి సంవత్సరమున మరమ్మతుల కగు సొమ్ము రెండవ వెల. ఈ రెంటిని కలిపి లెక్కింపనివాడు పంట అప్పు వాయిదా సొమ్మును షెడ్డులో కట్టవలసివచ్చును. ఎద్దును కొనునపుడు పండ్లు పట్టి చూచు రైతు కారును మాత్రము రంగు చూచి కొనుట తగదు.

ముందుగా డీజిలు సంగతి. మన పాత ట్రాక్టరు పంపు కొంత మురికి డీజిలును సహించును. నేటి కారు ఇంజను సహింపదు. అందు డీజిలు వెయ్యి బారులకు మించిన ఒత్తిడితో, కంటికానని సన్నని రంధ్రములగుండ సిలిండరులోనికి చిమ్మబడును. టైరులోని గాలి ఒత్తిడి రెండు బారుల పైచిల్లర మాత్రమే యని తలచినచో ఈ భేదము తెలియగలదు. డ్రమ్ములలో నిలువజేసిన డీజిలున నీరును దుమ్మును చేరును. దానిని కారులో పోసినచో చిమ్ము నాజిలులు చెడును. క్రొత్త ఇంజెక్టరు ఒక్కొక్కటి పదివేల రూపాయలకు పైబడవచ్చును, అట్టివి నాలుగుండును. బోరుబావి ఇంజనుకై తెచ్చిన డబ్బా డీజిలును కారు వంక త్రిప్పవద్దని నా గట్టి సలహా.

బండిని ఉదయము, ఇంజను చల్లగ నున్నపుడే చూడవలెను. అమ్మువాడు ముందే వేడిచేసి యుంచినచో మరునాడు రండని చెప్పి పోవుట మేలు. నల్లని పొగ తగ్గకున్నచో గాలి జల్లెడయో, ఇంజెక్టరులో చెడినవి. నీలిపొగ యైనచో ఇంజను నూనె కాలుచున్నది. టర్బో చెడుటయో, పిస్టను రింగు లరుగుటయో కారణము. తెల్లపొగ ఎంతకును ఆగక, రేడియేటరు నీరు తఱుగుచున్నచో హెడ్డు గాస్కెట్టును అనుమానింపవలెను. ఇంజను నడుచుచుండగ నూనె మూత విప్పి చూచుట ట్రాక్టరు గలవారికి తెలిసినదే. పొగ బుస్సున ఎగసినచో ఆ బేరము విడువుడు. టర్బో చక్రము నిమిషమునకు లక్షకు మించి తిరుగును, దానికి ఆధారము నూనెయే. నూనె సకాలమున మార్చిన రసీదులు లేని బండికి వెల తగ్గించి యడుగవలెను.

2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నియమము దేశమంతట అమలులోనికి వచ్చినది. తరువాతి డీజిలు ఎస్‌యూవీలకు పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ యుండును. ఆ మసి కాలుటకు బండి పెద్దరోడ్డుపై ఆగక కొంతసేపు వేగముగ నడువవలెను. ఊరినుండి సొసైటీకి, సొసైటీనుండి చేనికి మాత్రమే తిరుగు బండిలో మసి నిండి హెచ్చరిక దీపము వెలుగును. దానిని ఉపేక్షించినచో జల్లెడ మార్పునకే భారీగా వ్యయమగును. అట్టివారు అప్పుడప్పుడు ముంబయి రహదారిపై జహీరాబాదు దిక్కున ఒక పరుగు తీయింపవలెను. ఇంతకంటె దగ్గరి తిరుగుడే యున్నవారికి పెట్రోలు బండి నయము.

క్లచ్చి పలకలు సాధారణముగ పది పదునైదు వేలతో తీరును. కొన్ని బండ్లలో రెండు దిమ్మల ఫ్లైవీలు కూడ అరిగియుండిన ఖర్చు రెండింతలకు మించును. నాలుగు పెద్ద టైర్లకు ముప్పదివేలు దాటును. 2012 లో మన దేశమున వెలువడిన రెనో డస్టరు డీజిలు ఇంజనులో టైమింగుకు బెల్టు వాడిరి. గడువు దాటి అది తెగినచో వాల్వులు పిస్టనులకు తగిలి ఇంజనే చెడును. కావున బెల్టు మార్చిన తేదీ అడుగుడు. స్కార్పియోలోని ఎంహాక్ ఇంజనుకు గొలుసు గలదు. దానికిట్టి గడువు లేదు గాని, చల్లని ఇంజనున గలగల వినబడకుండవలెను. బుష్షులు, షాకులు, ఏసీ గొట్టములు చిన్న ఖర్చులు; వాటికై బేరము చెఱుపుకొనవద్దు.

బండి ఎక్కడినుండి వచ్చినదో విచారింపుడు. ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు బండ్లను నడుపరాదని 2015 లో జాతీయ హరిత న్యాయస్థానము ఉత్తర్వు చేసెను; పిమ్మట అటువంటి బండ్లు ఇతర రాష్ట్రములకు అమ్ముడుపోవుచున్నవి. 2020 అక్టోబరు వరదలో హైదరాబాదున కార్లు మునిగినవి. సీటు బెల్టును కొసవరకు లాగి బురద చారను, చాపల క్రింద తుప్పును చూడుడు. కార్ఖానాల షిఫ్టులకు అద్దెకు తిరిగిన బండికి మీటరు అంకె చిన్నదిగ నున్నను, పెడలు రబ్బరులును స్టీరింగు తోలును అరిగియుండును.

సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. తరువాత పరీక్షకు నిలిపి అయిదేండ్లకు పొడిగింపించుకొనవలెను. పూర్వపు అప్పు తీరినట్లు బ్యాంకు పత్రము, 29, 30 సంఖ్యల ఫారములపై సంతకములు చేతికి వచ్చువరకు పూర్తి సొమ్ము ఇయ్యరాదు. భీమా పత్రమును 14 దినములలో మీ పేరిట మార్పించుకొనుడు.