గాలివానకు నిలిచే కప్పు: తారు పెంకులు మనకు పనికివచ్చునా?



ఆర్మూరు ప్రాంతములోని ఒక పాల సంఘము సర్వసభ్య సమావేశమునకు మేము హాజరైనాము. లెక్కలు చదువుట, బోనసు నిర్ణయించుట ముగిసిన తరువాత పాల కేంద్రమునకు కొత్త కప్పు వేసే విషయము చర్చకు వచ్చినది. అప్పుడు అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన ఒక పెద్దమనిషి లేచి ఇట్లు అడిగినాడు:

"సారూ, మా పిలగాని ఇంటి మీద పెంకులు గావు, రేకులు గావు. తారుతోని జేసిన బిల్లలున్నయి. మొలలు గొట్టి పెట్టిన్రు. ఎంత వాన గొట్టినా, గాలి లేసినా ఒక్క బొట్టు కారలే. గవి మన కేంద్రం మీద ఎందుకు ఎయ్యొద్దు?"

కొందరు నవ్వినారు. కాని ఆ ప్రశ్న నవ్వి వదిలివేయదగినది కాదు. మన ప్రాంతములో కప్పు లేచిపోవుట, కొట్టము కూలుట ప్రతి వేసవిలోను వినే మాటే. పసుపు ఉడికించి కళ్ళములో ఆరబోసిన దినములలోనే, అనగా వానాకాలమునకు ముందే, సాయంకాలపు గాలిదుమారము లేస్తుంది. పసుపు మీద పట్టా కప్పుటకు మనమందరమూ పరుగెత్తుతాము. కొట్టము కప్పును మాత్రము ఎవరూ చూడరు.

ఈ విషయములో మా తప్పు ఒకటి ముందుగా చెప్పుకొనవలెను. ఉద్యోగములో చేరిన కొత్తలో ఒక సంఘము కొత్తగా వేసిన రేకుల కప్పును తనిఖీ చేసినాము. కింద నిలబడి పొడవు వెడల్పులు కొలిచినాము, రేకులు లెక్కపెట్టినాము, బిల్లుపై సంతకము చేసినాము. నిచ్చెన ఎక్కి చూడలేదు. మరుసటి చైత్రములో, సాయంత్రము పాలు పోసే వేళ గాలి లేచి నాలుగు రేకులు ఊడిపోయినవి. మనుషులు గోడ వారకు చేరి బతికినారు. బయట కట్టివేసిన ఒక బర్రె నడుముపై రేకు పడినది. అది మళ్ళీ లేవలేదు. ఆ బర్రె ఒక వితంతు సభ్యురాలిది. ఆమె పోసే పాలన్నీ దానివే.

మరునాడు నిచ్చెన ఎక్కినాము. బోల్టులు ఉండవలసిన చోట ఇనుప తీగలు ఉన్నవి. ఉన్న కొద్ది బోల్టులకు వాషర్లు లేవు. మేస్త్రీని తిట్టుట సులభమే. కాని బిల్లుపై సంతకము మాది. ఆనాటి నుండి నిచ్చెన ఎక్కకుండా ఏ కప్పు బిల్లునూ మేము పాసు చేయలేదు.

గాలి కప్పును ఎట్లు లేపుతుంది?

గాలి వచ్చి కప్పును నెట్టివేస్తుందని చాలమంది అనుకొంటారు. నిజానికి గాలి కప్పు మీదుగా వేగముగా పోవునప్పుడు కప్పును పైకి గుంజుతుంది. ఈ గుంజుడు చూరు అంచులలో, కొప్పు దగ్గర, నాలుగు మూలలలో అన్నిటికన్న ఎక్కువ. అందుకే ఊడిపోయే మొదటి రేకు ఎప్పుడూ మూల రేకే. ఒక పక్క తెరిచి ఉన్న కొట్టములో మరొక కష్టము గలదు. గాలి లోపల దూరి కింది నుండి కూడ ఎత్తుతుంది.

లెక్క చూడండి. గంటకు 90 కిలోమీటర్ల వేగముతో వచ్చే గాలి చదరపు మీటరుకు సుమారు 38 కిలోల బలము చూపగలదు. పది అడుగుల ఇనుప రేకు మూడు చదరపు మీటర్లకు పైగా ఉంటుంది. రేకు బరువు సుమారు 15 కిలోలు. దానిని లేపే బలము నూరు కిలోలు దాటవచ్చును. మనవారు రేకులపై పెట్టే బండరాయి ఇరువది కిలోలుంటే ఏమి ఆపుతుంది? రేకుతో పాటు రాయి కూడ పశువుల మీద పడుతుంది. వేగము రెండింతలైతే బలము నాలుగింతలగునని కూడ గుర్తుంచుకొనవలెను. కట్టడములకు మన దేశములో ఉన్న గాలి ప్రమాణము ప్రకారము హైదరాబాదుకు లెక్కించవలసిన గాలి సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నమునకు 50 మీటర్లు. 44 మీటర్లనగా గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. తుఫానులు సముద్రతీరము వారికే గాని మనకు కాదనుకొనుట పొరపాటు.

ఇక వాన. మన జిల్లాలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వర్షము కురుస్తుంది. ఒక్కొక్కసారి దానిలో సగము ఒక్కరోజులోనే కురియవచ్చును. 2023 జూలైలో ఆర్మూరుకు సమీపములోని వేల్పూరులో ఒక్క దినములో దాదాపు 46 సెంటీమీటర్లు కురిసినది. ఇరువది అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు గల కొట్టముపై అంత వాన పడితే పన్నెండు వేల లీటర్లకు పైగా నీరు. నలుబది లీటర్ల పాల క్యానులతో కొలిస్తే మూడు వందల క్యానులు దాటుతుంది. ఆ నీరంతయు ఒక్క రోజులో కప్పు మీద నుండి జారిపోవలెను. వాలు చాలనిచో అది లోపలికే వస్తుంది.

తారు పెంకులనగా ఏమి?

సభ్యుడు చూచిన కప్పులు అమెరికా ఇండ్లలో నూరేండ్లకు పైగా వాడుకలో ఉన్నవి. 1903 ప్రాంతములో మిచిగన్ రాష్ట్రములోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణములో తారు పట్టించిన చాపలను బిల్లలుగా కోసి వేయుట మొదలైనది. ఈనాటి బిల్లలో మధ్య గాజునారతో చేసిన పలుచని చాప ఉంటుంది. దానికి రెండు వైపులా తారు పట్టించి, పైన రాతి రవ్వ అద్దుతారు. తారును ఎండ తినివేయకుండ కాపాడేది ఆ రవ్వయే. నూరు చదరపు అడుగుల కప్పుకు బిల్లల బరువు సుమారు ఒక క్వింటాలు.

ఆ బిల్లలు గాలికి నిలుచుటకు మూడు కారణములున్నవి. మొదటిది, పై వరుస కింది వరుసలోని మొలలను పూర్తిగా కప్పుతుంది. కావున మొల రంధ్రములోనికి నీరు పోదు. రెండవది, ప్రతి బిల్లకు నాలుగు మొలలు, గాలి ఎక్కువ ఉన్నచోట ఆరు మొలలు, చెప్పిన గీత మీదనే కొడతారు. మూడవది, బిల్లలో జిగురు తారు పట్టీ ఒకటి ఉంటుంది. ఎండ వేడికి అది కరిగి పై వరుసను కింది వరుసకు అంటిస్తుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా అమెరికాలో కూడ బిల్లలు ఎగిరిపోవుచునే ఉన్నవి.

మన పాల కేంద్రమునకు, కొట్టమునకు అవి తగవని మా అభిప్రాయము. ఎందుకనగా ఆ బిల్లల కింద ఎడము లేకుండా చెక్క పలక పరచవలెను. మన దగ్గర చెక్కకు చెదలు పట్టుట మీకు తెలియనిది కాదు. పైగా కొట్టములో పేడ, మూత్రము తేమ ఎల్లప్పుడూ పైకి లేచుచుండును. అడుగు పలక త్వరగా మురిగిపోవును. రెండవది వేడి. తారు బిల్ల ఎండను మింగుతుంది. బర్రె చర్మము నల్లనిది, చెమట గ్రంథులు తక్కువ. కొట్టము వేడెక్కితే మేత తగ్గును, పాలు తగ్గును. మూడవది, అవి వేయుట తెలిసిన పనివారు నగరములోనే దొరుకుతారు. ఒక బిల్ల ఊడినచో మీ ఊరి మేస్త్రీ బాగుచేయలేడు. అయితే ఇంటిపై ఏటవాలు స్లాబు పోసుకొన్నవారు దానిపై వేయించుకొనుటకు అభ్యంతరము లేదు. అప్పుడు కూడ పన్నెండు అడుగులకు రెండు అడుగుల కన్న తక్కువ వాలు ఉంటే వేయరాదు.

మన కప్పులలో ఏది మేలు?

గూన పెంకులు చల్లగా ఉంచును. కాని ఏటా తిరగవేయవలెను, కోతులు ఉన్న ఊళ్ళో రెండు నెలలు కూడ నిలువవు. బెంగుళూరు పెంకులు వానకు మంచివి. వాటికి రెండు అడుగులకు ఒక అడుగు వాలు కావలెను, చూరు దగ్గరి రెండు వరుసలను తీగతో పట్టీలకు కట్టవలెను. కోతుల బాధ వీటికి కూడ కలదు. అందుకే మన పల్లెలలో పెంకులు పోయి రేకులు వచ్చినవి. గడ్డి కప్పు అన్నిటికన్న చల్లనిది, నిప్పుకు మాత్రము భయపడవలెను. సిమెంటు రేకులలో రాతినార కలిసినవి ఉన్నవి. వాటిని కోసినప్పుడు, విరిచినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చాల చెరుపు. పాతవి తీసేవారు తడిపి, పగలకొట్టకుండ దించవలెను. ఆ ముక్కలను కొట్టములో పరచరాదు.

ఇనుప రేకులే మన సంఘములకు అందుబాటులో ఉన్నవి. ఆ అమెరికా బిల్లల నుండి మనము నేర్చుకొనవలసినది తారు కాదు, వేసే పద్ధతి. అతుకు, మొల, పట్టు అను మూడింటినీ రేకులకు కూడ అట్లే పాటించవలెను.

1. వాలు: అయిదు అడుగులకు ఒక అడుగు ఉండవలెను.

2. అతుకు: పక్క రేకుపై ఒకటిన్నర నుండి రెండు అలలు, పైరేకు కిందిరేకుపై కనీసము ఆరు అంగుళములు ఎక్కవలెను. మనకు వానగాలి పడమర, నైరుతి దిక్కుల నుండి వచ్చును. కావున తూర్పు కొస నుండి రేకులు వేయుట మొదలుపెట్టవలెను. అప్పుడు అతుకు నోరు గాలికి ఎదురుగా ఉండదు.

3. బోల్టు: ఎనిమిది మిల్లీమీటర్ల కొక్కెపు బోల్టులు వాడవలెను. రంధ్రము అల పైభాగములోనే చేయవలెను. అల లోతులో చేస్తే నీరు నిలిచి కారుతుంది. ప్రతి బోల్టుకు ఇనుప వాషరు, దాని కింద తారు వాషరు ఉండవలెను. మనకు కావలసిన తారు అంతే. చూరు, కొప్పు, మూలలలో అల విడిచి అలకు బోల్టు బిగించవలెను. ఇనుప పైపులపై స్క్రూలు వాడేవారు రబ్బరు వాషర్లు ఎండకు పగిలినవా అని ఏటా చూచుకొనవలెను.

4. పట్టు: రేకు పట్టీకి, పట్టీ దూలమునకు, దూలము స్తంభమునకు, స్తంభము భూమికి గట్టిగా పట్టి ఉండవలెను. బావి తాడు ఒక్కచోట చీకినా బొక్కెన నీళ్ళలోనే పడుతుంది. రేకును బోల్టుతో బిగించి, దూలమును గోడపై ఊరికే ఆనించినచో కప్పంతా ఒక్కసారే లేస్తుంది. స్తంభము అడుగున కాంక్రీటు వేసి, దూలమును ఇనుప పట్టీతో స్తంభమునకు బోల్టు చేయవలెను.

5. చూరు: గోడ దాటి అడుగున్నర కన్న ఎక్కువ బయటకు రాకూడదు. పొడవైన చూరు గాలికి చేయి అందించినట్లే.

వేడి తగ్గుటకు ఫాల్గుణములో రేకుల పైభాగమునకు తెల్ల సున్నము కొట్టండి, కింద వెదురు తడక కట్టండి. చూరు ఎత్తు ఏడెనిమిది అడుగులకు తగ్గకుండ ఉంచండి.

తీర్మానము ఎట్లు వ్రాయవలెను?

పాలకవర్గములు "పాల కేంద్రమునకు రేకులు వేయించుటకు నిర్ణయించడమైనది" అని ఒక్క వాక్యము వ్రాసి ఊరుకొనుచున్నవి. అంతటితో పని మేస్త్రీ ఇష్టమునకు పోతుంది. రేకు మందము, వాలు, అతుకు, బోల్టుల సంఖ్య, వాషర్లు, స్తంభముల పునాది లోతు తీర్మానములోనే వ్రాయండి. బిల్లు చెల్లించుటకు ముందు పాలకవర్గ సభ్యులిద్దరు నిచ్చెన ఎక్కి బోల్టులు లెక్కపెట్టి సంతకము చేయవలెను. మా వంటి తనిఖీదారు వచ్చినప్పుడు నిచ్చెన చూపించి ఎక్కమనండి. మొగమాటపడవద్దు.

సొంత కొట్టము గలవారు ఏటా ఉగాదికి ముందు ఒక ఉదయము దీనికి కేటాయించండి. మూల రేకును చేతితో ఎత్తి చూడండి. చప్పుడు చేసినదంటే బోల్టు వదులైనదని అర్థము. తుప్పు పట్టిన బోల్టును మార్చండి. పైనున్న రాళ్ళను దించివేయండి. గాలిదుమారము కనబడితే పశువులను రేకుల కింద నుండి, పెద్ద చెట్ల కింద నుండి విప్పి బయటకు తోలండి.

సమావేశములో లేచి అడిగిన ఆ పెద్దమనిషికి మేము ఇదే జవాబు చెప్పినాము. ఆయన కొంతసేపు ఆలోచించి, "అయితే సారూ, మా పిలగాడు పంపిన పైసలతోని బోల్టులు కొందాం" అన్నాడు. ఆ సంఘము కప్పుకు నూట అరువది బోల్టులు పట్టినవి. పాలకవర్గ సభ్యులతో పాటు మేము కూడ ఎక్కి వాటిని లెక్కపెట్టినాము.