చక్కెర వెంట ఉప్పు... ఉప్పు వెంట నీరు!

విరేచనాల వార్డులో ప్రతి మంచం దగ్గరా ఓ చార్టు వేలాడుతుంటుంది. రోగి ఎన్ని నీళ్లు తాగాడు, సెలైన్‌ ఎంత ఎక్కింది, మూత్రం ఎంత వచ్చింది, వాంతులూ విరేచనాలూ ఎన్ని... అన్నీ గంటగంటకీ రాయాలి. నర్సింగ్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఇదో విసుగు పని. నీళ్ల లెక్కేగా అనిపిస్తుంది. రోగం వస్తే ఒంట్లో ఏమేం తారుమారవుతాయో చెప్పే పాఠం ఒకటుంది. పేరు పాథోఫిజియాలజీ. పేరు చూసి భయపడే ఆ పాఠం ఒంటబట్టాక అదే చార్టు మరోలా కనిపిస్తుంది. అందులో లెక్కపెడుతున్నది నీళ్లని మాత్రమే కాదు, ఉప్పుని కూడా!

ఈ ఒక్క సంగతి తెలియడం వల్ల 1971లో వేల ప్రాణాలు నిలిచాయి. తెలియకపోతే ఇప్పటికీ పసిప్రాణాలు పోతున్నాయి. విరేచనాలతో ప్రపంచంలో ఏటా నాలుగు లక్షల మందికి పైగా అయిదేళ్లలోపు పిల్లలు చనిపోతున్నారన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

మాగాయ చెప్పే పాఠం

డెబ్భై కిలోల మనిషి ఒంట్లో సుమారు 42 లీటర్ల నీరుంటుంది. అందులో 28 లీటర్లు కణాల లోపల, మిగతా 14 బయట. లోపలి నీటిలో పొటాషియం ఎక్కువ, బయటి నీటిలో సోడియం ఎక్కువ. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 యూనిట్ల మధ్య ఉండాలి. పొటాషియమైతే మూడున్నర నుంచి అయిదు లోపే. అటూ ఇటూ అయితే ఒళ్లు ఊరుకోదు.

నీటికి సొంత దారంటూ లేదు. ఉప్పు ఎటుంటే అటే. మాగాయకి మామిడి ముక్కల్ని ఉప్పులో వేసి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట ఊరుతుంది కదా! ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగేసింది. ఒంట్లోనూ అంతే. విరేచనాలతో ఉప్పూ నీరూ రెండూ పోయిన మనిషి చేత చెంబులకొద్దీ ఉత్త నీళ్లే తాగిస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. దాంతో నీరు కణాల్లోకి చొరబడుతుంది. మెదడు కణాలు ఉబ్బితే మగత, ఫిట్స్‌. పొటాషియం తగ్గితే కాళ్లూ చేతులూ పీకేస్తాయి, గుండె లయ తప్పుతుంది. అలాగని పొటాషియం ఇంజెక్షన్‌ని నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. దాన్ని సెలైన్‌లో కలిపి, నెమ్మదిగానే ఎక్కించాలి. నర్సింగ్‌ విద్యార్థుల చేత పదే పదే వల్లె వేయించే సూత్రాల్లో ఇదొకటి.

పిల్లల విషయంలో వ్యవధి మరీ తక్కువ. పది కిలోల బిడ్డ ఒక్క కిలో తగ్గితే ఒంటి బరువులో పదో వంతు పోయినట్టే. అది ప్రాణాపాయం. అందుకే నర్సు బిడ్డని తూకం వేస్తుంది, కళ్లు లోతుకు పోయాయా అని చూస్తుంది, పొట్టమీద చర్మాన్ని మెల్లగా పట్టి వదులుతుంది. చర్మం వెంటనే వెనక్కి పోకపోతే సంగతి ముదిరిందన్నమాట.

బోన్‌గావ్‌లో ఏం జరిగింది?

పేగుల్లోకి రోజూ ఎనిమిది తొమ్మిది లీటర్ల ద్రవం చేరుతుంది. మనం తాగేది కొంత, మిగతాదంతా ఒంట్లో ఊరేదే. అందులో దాదాపు అంతా మళ్లీ లోపలికే ఇంకిపోతుంది. కలరా వస్తే ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. ఆ క్రిమి వదిలే విషమే దీనికి కారణమని 1959లో లోకానికి చూపించింది కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్‌ దే. ఆ విషం పేగు గోడల్లోని కుళాయి తిప్పేసినట్టు చేస్తుంది. ఉప్పు బయటికి, దాని వెనకే నీరు... గంటకో లీటరు చొప్పున పోవచ్చు!

అయితే అంత ముప్పులోనూ పేగులో ఓ తలుపు మూతపడదు. చక్కెరా సోడియం జంటగా వస్తేనే తెరుచుకునే తలుపది. రెండూ లోపలికెళ్తే వెనకే నీరూ వెళ్తుంది. 1960లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్‌ క్రేన్‌ దీన్ని వివరించాడు. ఆ దశాబ్దంలోనే ఢాకాలో, కలకత్తాలో వైద్యులు రోగుల మీద ప్రయత్నించి చూశారు.

1971లో బంగ్లాదేశ్‌ యుద్ధం. లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి బోన్‌గావ్‌ చేరారు, వెంటే కలరా. ఆసుపత్రి గదుల్లో నేలమీదే రోగులు. సెలైన్‌ సీసాలు కొద్ది రోజుల్లోనే అడుగంటాయి. అప్పుడు డాక్టర్‌ దిలీప్‌ మహలనబిస్‌ తెగించాడు. గ్లూకోజ్‌ 22 గ్రాములు, ఉప్పు మూడున్నర గ్రాములు, సోడా బైకార్బొనేట్‌ రెండున్నర గ్రాములు... ఇదీ లీటరుకి కొలత. కలకత్తాలో తూచి, ప్లాస్టిక్‌ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో అతికించి పంపేవారు. ఇక్కడ కుళాయి ఉన్న డ్రమ్ముల్లో కలిపేవారు. పట్టించింది ఎవరనుకున్నారు? చాలావరకు రోగుల అమ్మలూ అక్కచెల్లెళ్లే! అంతకుముందు నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట, సుమారు 3,700 మందికి చికిత్స చేస్తే నూటికి నలుగురు కూడా చనిపోలేదు. ఉప్పూ చక్కెరతో కలరా తగ్గడమా అని మొదట్లో పెద్దలు నమ్మలేదు గానీ, 1978లో ‘లాన్సెట్‌’ పత్రిక ఈ శతాబ్దపు వైద్యంలో బహుశా ఇదే అతి పెద్ద ముందడుగు కావచ్చని రాసింది. మహలనబిస్‌ 2022లో కన్నుమూశారు. పద్మవిభూషణ్‌ ఆ మరుసటి ఏడాది వచ్చింది!

తియ్యగా ఉంటే సరిపోదు

2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత మారింది. లీటరుకి గ్లూకోజ్‌ పదమూడున్నర గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్‌ 1.5, ట్రైసోడియం సిట్రేట్‌ 2.9 గ్రాములు. చక్కెర పెరిగితే మేలే కదా అనుకుంటే పొరపాటు. కూల్‌డ్రింకుల్లో లీటరుకి వంద గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, సోడియం నామమాత్రం. అంత చక్కెర పేగులో చేరితే మాగాయ కథే... ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి.

ఇలాంటి తియ్యటి పానీయాలు కొన్ని ‘ఓఆర్‌ఎస్‌’ అన్న పేరు తగిలించుకుని మందుల షాపుల్లోనూ అమ్ముడయ్యాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్‌ శివరంజని సంతోష్‌ దాదాపు ఎనిమిదేళ్లు దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, సరైన కొలత లేని పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. ఎనిమిదేళ్లంటే ఎక్కువ కాలమే. అయినా షాపులో అడిగి తెచ్చుకునేటప్పుడు ప్యాకెట్‌ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోవడం మన పనే.

ప్యాకెట్‌ మీద రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే లెక్క తప్పుతుంది. పాలల్లో, పళ్లరసాల్లో కలపకూడదు. ప్యాకెట్‌ దొరకని రాత్రి లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. రెండూ తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే మరీ ప్రమాదం. ఉప్పేసిన గంజీ మంచిదే. విరేచనాలవుతున్నాయని బిడ్డకి నీళ్లు మానిపించడం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. దాన్ని మాత్రం మానేయాలి. తల్లిపాలు ఆపకూడదు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో పట్టించాలి. డాక్టరు రాసిన జింకు మందు, విరేచనాలు తగ్గినా పది నుంచి పద్నాలుగు రోజులు వేయాలి. బిడ్డ మగతగా ఉన్నా, ఏదీ తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో ప్రయోగాలు చాలించి ఆసుపత్రికి పరుగెత్తాలి. కలిపిన ద్రావణం ఇరవై నాలుగు గంటలే. ఆ తర్వాత ఎంత మిగిలినా పారబోసి కొత్తది కలుపుకోవాలి.