యోకాయి సూపు: సాసేజియు, బీన్సు గింజలును



హంగరీ దేశమున ఒక సూపునకు ఒక నవలాకారుని పేరు పెట్టిరి. మోర్ యోకాయి యను నాతడు 1825లో జన్మించి 1904లో మరణించెను. బాలటన్ సరస్సు తీరమున బాలటన్‌ఫ్యూరెద్ అను ఊర 1870లో ఆయన ఒక గృహమును కట్టించుకొనెను. బీన్సు గింజలతో చేసిన వంటక మన్న ఆయనకు మక్కువ మెండని చెప్పుదురు. పొగబెట్టిన పందిమాంసమును, సాసేజిని, బీన్సు గింజలను చేర్చి, పులిసిన మీగడ కలిపి కాచు చిక్కని సూపు అందుచేత ఆయన పేరనే చెలామణి యగుచున్నది. ఆ నవలలలో ఒక పుటయైనను చదువనివారు సైతము ఆ సూపును త్రాగి ఆయన పేరు తలచుచుందురు. రచయిత పేరు ఏ దారిని నిలుచునో ఎవరు చెప్పగలరు!

ఆ సూపు కాచు విధమును చెప్పుటయే నేటి ప్రసంగము పని. అయితే వట్టి కొలతలు చెప్పి విడిచినచో ప్రయోజనము లేదు. ఈ వంటలోని ముఖ్యపదార్థములు రెండును, సరిగా ఉడుకనిచో హాని చేయదగినవే. బీన్సు గింజలో ఒక విషము పుట్టుకతోనే కలదు. సాసేజిలో చేయువారి అజాగ్రత్త వలన వేఱొక విషము పుట్టవచ్చును. రెండింటికిని విరుగుడు మరుగుచున్న నీరే. ఏది ముందు, ఏది వెనుక, ఏది ఎంతసేపు అను క్రమము తెలిసినవారికి ఈ వంట కష్టము కాదు. తెలియనివారికి సులభమును కాదు, క్షేమమును కాదు.

మొదట గింజ సంగతి. బీన్సు అనగా ఇచ్చట మన పెరటిపందిరిపై ప్రాకు చిక్కుడు కాదు. ఉత్తర హిందూస్థానమువారు రాజ్మా యని పిలుచు గింజ. ఇది అమెరికా ఖండపు పంట. 1492 తరువాతనే సముద్రము దాటి యూరపునకు వచ్చినది. హంగరీవారు ప్రాణముతో సమానముగా చూచుకొను పాప్రికా యను మిరపపొడికిని మూలము ఆ ఖండమే. మన మిరపయు అచ్చటినుండి వచ్చినదే. అది వచ్చువఱకు మన పూర్వులకు కారమునకు మిరియము, పిప్పలి మొదలగునవే దిక్కు. కాబట్టి హంగరీవారు తమ జాతీయభోజనమని చెప్పుకొను ఈ సూపును, మనము తాతముత్తాతలనాటిదని చెప్పుకొను మిరపకాయపచ్చడియు, ఈ విషయమున ఒకే వయస్సు గలవి.

రాజ్మా గింజలో, అందును ఎఱ్ఱని దానిలో, ఫైటోహీమాగ్లూటినిన్ అను మాంసకృత్తు అధికముగా నుండును. రక్తకణములను ఒకదానితో నొకటి అంటుకొనజేయు గుణముచేత దానికా పేరు కలిగినది. పచ్చివో, సగ ముడికినవో నాలుగైదు గింజలు తిన్నను చాలును. ఒకటి రెండు గంటలలో వికారము, వాంతులు, పిమ్మట విరేచనములు పట్టుకొనవచ్చును. సాధారణముగా కొన్ని గంటలలో నెమ్మదించును గాని, చిన్నపిల్లలకును వృద్ధులకును అది సామాన్యమైన బాధ కాదు. ఇందు మఱచిపోరాని విశేష మొకటి కలదు. గింజ మెత్తబడుటయు, విషము నశించుటయు ఒకటి కాదు. ఎనుబది డిగ్రీల వేడిలో చాలసేపు ఉంచినచో గింజ మెత్తబడవచ్చును. విషము మాత్రము పోదు. సరికదా, పచ్చిగింజలో కంటెను హెచ్చు తీవ్రముగా పరిణమింపవచ్చునని పరీక్షలవలన తేలినది. నూఱు డిగ్రీలలో తెర్లుచున్న నీటిలో పది నిమిషములు ఉడికినచో నశించును. అరగంట ఉడికించుట మఱింత నిశ్చింత. ఉదయము గింజలు వేసి సాయంకాలమువఱకు మందమైన వేడిలో వదలివేయు విద్యుత్పాత్రలు ఈనాడు కొన్ని యిండ్లలో కానవచ్చుచున్నవి. అట్టి పాత్ర గలవారు గింజలను ముందుగా పొయ్యిమీద తెర్లకాచి, ఆ పిమ్మటనే అందులో వేయవలెను. ఆవిరి బిగించి ఉడికించు కుక్కరు విషయమున ఈ భయము లేదు. దానిలోని వేడి నూఱు డిగ్రీలను మించును.

గింజలను రాత్రియంతయు నానబెట్టవలెను. ఉప్పు తగిలిన గింజ ఉడుకదని మన వంటయిండ్లలో ఒక నమ్మకము కలదు. నానబెట్టు నీటి విషయమున అది సరికాదు. లీటరు నీటికి పదిహేను గ్రాముల ఉప్పు కలిపి నానబెట్టినచో, గింజతోలును గట్టిగా పట్టియుంచు కాల్షియము కొంత తొలగి, దాని స్థానమున ఉప్పులోని సోడియము చేరును. తోలు పగులక మెత్తబడును. ఆ నీటిని మఱునాడు పారబోసి, గింజలను కడిగి, క్రొత్తనీటిలో వేయవలెను. కడుపుబ్బరము కలిగించు చక్కెరజాతి పదార్థములు కొన్ని ఆ నీటితోనే పోవును.

పులుపు విషయమున మాత్రము మన గృహిణుల అనుభవమే ప్రమాణము. పప్పు ఉడుకకముందు చింతపండు వేసినచో ఎంత కట్టె కాల్చినను ఉడుకదని పల్లెటూరి పిల్లలకును తెలియును. రాజ్మాకును అదే ధర్మము. గింజలోని కణములను అంటియుంచు బంకవంటి పెక్టిన్, పులుపు తగిలిన నీటిలో కరగక బిగిసిపోవును. కావున టమాటా గాని, వెనిగరు గాని, పులిసిన మీగడ గాని, గింజను వ్రేళ్ళనడుమ నలిపినచో వెన్నవలె నలిగిన తరువాతనే చేరవలెను. ఉప్పునీటి బావులున్న ఊళ్ళలో నీటి కాఠిన్యముచేత కూడ గింజ ఆలస్యముగా ఉడుకును. ఏండ్ల తరబడి కొట్టులో నిలువయున్న గింజ ఎన్ని గంటలు కాచినను ఱాయివలెనే యుండును. దానికి సోడాయుప్పు వేయుటకంటె, వేఱు గింజలు తెచ్చుకొనుట మేలు.

ఇక సాసేజి. ఉప్పుపెట్టినది అను నర్థముగల లాటిను పదమునుండి ఈ పేరు వచ్చినది. మాంసమును క్రొవ్వుతో సన్నముగా కొట్టి, ఉప్పు, వెల్లుల్లి, పాప్రికా కలిపి, శుభ్రము చేసిన ప్రేగులో కూరి, పొగలో వ్రేలాడదీయుదురు. హంగరీ పల్లెలలో పందిని కోయుట శీతకాలపు పండుగ. చలిలో మాంసము చెడకుండ ఆ పని ముగింపవచ్చును గనుక అట్లు ఏర్పడినది. బేకేష్‌చాబా పట్టణపు సాసేజి ఆ దేశమంతట పేరుగాంచినది.

అయితే ప్రేగుతొడుగు లోపల గాలి యాడదు. గాలి లేనిచోటనే వృద్ధియగు సూక్ష్మజీవి యొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున జర్మనీలోని వ్యుర్టెంబర్గు ప్రాంతమున సాసేజి తిని పలువురు మరణింపగా, యుస్టినస్ కెర్నర్ అను వైద్యుడు వారి లక్షణములను వివరముగా వ్రాసెను. ఆయన కవియు నగుట విశేషము. ఆ విషమును తానే రుచిచూచి పరీక్షించుకొనిన సాహసికుడాయన! 1895లో బెల్జియములోని ఎల్లెజెల్ అను గ్రామమున ఒక వాద్యబృందమువారు ఉప్పుపెట్టిన పందిమాంసము తిని జబ్బుపడిరి, ముగ్గురు మరణించిరి. ఆ మాంసమునుండియే ఎమిల్ వాన్ ఎర్మెంగెం అను శాస్త్రజ్ఞుడు ఆ జీవిని వేఱుచేసి చూపెను. బోటులిజము అను ఆ వ్యాధి పేరు కూడ సాసేజికి లాటినులో గల మఱియొక పేరునుండి పుట్టినదే.

పూర్వము మాంసమునకు ఎఱ్ఱని రంగు నిలుచుటకై ఉప్పుతోపాటు సూరేకారము కలుపు వాడుక యుండెను. ఆ జీవిని అణచునదియు అదియే యని తరువాత తెలిసినది. నేడు దాని స్థానమున నైట్రైటు లవణములను మితమైన కొలతలో వాడుచున్నారు. కొలత తెలియక ఇంట ఉజ్జాయింపుగా వేయదగిన వస్తువు కాదది. ఆ జీవి విడుచు విషము ఎనుబదియైదు డిగ్రీల వేడిలో ఐదు నిమిషములకు చెడిపోవును. ఈ కారణముచేతనే, వేయించకయే కోసి తిను సాసేజికంటె, సూపులో ఇరువది నిమిషములు మరిగిన సాసేజి నాకు ఎక్కువ నమ్మకమైనది. అయినను వాసన మాఱినదానిని, జిగురు కట్టినదానిని మరిగించి తినవచ్చునని దీనికి అర్థము కాదు.

ఆరుగురికి సరిపడు కొలత చెప్పెదను. మున్నూఱు గ్రాముల గింజలు, పొగబెట్టిన పందికాలి మాంసము ఎముకతో అర కిలో, సాసేజి రెండువందల గ్రాములు, క్యారెట్లు రెండు, ఉల్లిగడ్డ యొకటి, వెల్లుల్లి రెబ్బలు మూడు. మాంసమును రెండు లీటర్ల నీటిలో గంటన్నరసేపు సన్నని సెగపై ఉడుకనీయవలెను. నానిన గింజలను వేఱు గిన్నెలో క్రొత్తనీటితో అరగంట తెర్లకాచి, మాంసపు కుండలో చేర్చవలెను. గింజ సగము మెత్తబడగానే క్యారెట్టు, ఉల్లి వేయవలెను. సాసేజిని చక్రములుగా తఱిగి, కొంచెము క్రొవ్వు కరగువఱకు పెనముపై వేచి, చివరి ఇరువది నిమిషములకు సూపులో వేయవలెను. మొదటనే వేసినచో రసమంతయు విడిచి పిప్పియగును. ఉప్పు మాత్రము చిట్టచివర రుచిచూచి, కావలసినచోనే వేయవలెను. మాంసములోను, సాసేజిలోను ఉన్న ఉప్పు సూపులోనికి దిగుటకు కొంత కాలము పట్టును.

సాసేజినుండి కరగిన క్రొవ్వును పారవేయరాదు. దానిలో రెండు చెంచాల గోధుమపిండి దోరగా వేచి, నలిపిన వెల్లుల్లి వేసి, గిన్నెను పొయ్యిమీదనుండి దించిన పిమ్మట ఒక చెంచా పాప్రికా కలుపవలెను. దించక కలిపినచో దానిలోని చక్కెర మాడి చేదెక్కును. తాలింపులో కారము మాడిన కూర ఎట్లుండునో మనవారికి చెప్పనక్కఱలేదు. వెంటనే చన్నీరు చిలుకరించి, ఉండకట్టకుండ కలిపి, సూపులో పోయవలెను. పాప్రికాకు కారము తక్కువ, రంగు ఎక్కువ. మన ఓరుగల్లు ప్రాంతపు చపాటా మిరపకును ఇట్టి గుణమే. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. పాప్రికా దొరకనివారు ఆ పొడిని వాడుకొనవచ్చును. మామూలు గుంటూరు కారము చెంచాడు వేసినచో అది యోకాయి సూపు కాదు.

ఈ సూపులో చిపెత్కె యను పిండిముక్కలు కూడ వేయుదురు. ఆ మాటకు గిల్లినది అని యర్థము. నీరు పోయక ఒక గ్రుడ్డుతోనే గోధుమపిండిని గట్టిగా కలిపి, గోరంత ముక్కలుగా గిల్లి, మరుగుచున్న సూపులో వేసినచో కొద్ది నిమిషములలో ఉడికి పైకి తేలును. మన పాలతాలికలను తాల్చు చేతులకు ఇది ఆటవంటి పని.

చివరకు పులిసిన మీగడ. రెండువందల గ్రాముల మీగడలో కొంచెము వేడిసూపు పోసి గిలకొట్టి, ఆ పిమ్మట కుండలో కలుపవలెను. తరువాత మరుగనీయరాదు. మజ్జిగపులుసు విఱుగకుండుటకై మనము సెనగపిండి కలుపునట్లు, ఇందులో వేచిన గోధుమపిండి కొంతవఱకు కాపాడును. అంతమాత్రము నమ్మి తెర్లకాచుట మంచిది కాదు. పులుపు కోరువారు వడ్డించుకొనిన పిమ్మట ఒక చెంచా వెనిగరు కలుపుకొందురు.

మన దేశమున గోవా సాసేజి దొరకును. అది కల్లు వెనిగరుతో ఊరినది గనుక, పైన చెప్పిన పులుపు నియమము దానికి రెట్టింపుగా వర్తించును. గింజ పూర్తిగా ఉడుకకముందు దానిని కుండలో వేసినచో గింజ గింజగానే మిగులును. మీగడకు బదులు గుడ్డలో కట్టి నీరు వార్చిన కమ్మని పెరుగు చాలును.

నిలువమాంసములను మితముగా తినుడని వైద్యులు చెప్పుటకు కారణము కలదు. దినమునకు ఏబది గ్రాముల చొప్పున నిత్యము తినువారికి పెద్దప్రేగు పుండు, అనగా క్యాన్సరు, కలుగు అవకాశము సుమారు 18 పాళ్లు నూటికి హెచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనాలయము 2015లో ప్రకటించినది. ఈ సూపు నిత్యభోజనము కాదు. చలిదినములందు ఎప్పుడో ఒకనాడు కాచుకొనవలసినది. అప్పుడును రుచికొఱకు సాసేజి, ఆకలికొఱకు గింజ యని భావించి, గింజల పాలు హెచ్చించి, మాంసపు పాలు తగ్గించినచో సూపునకు లోటేమియు రాదు.

మిగిలిన సూపును రాత్రియంతయు పొయ్యిమీదనే గోరువెచ్చగా వదలరాదు. మరుగుటకు చావని సూక్ష్మబీజములు ఆ వెచ్చదనములోనే మఱల మొలకెత్తును. రెండు గంటలలోపల, మన వేసవిలో నైనచో గంటలోపల, వెడల్పైన పళ్ళెములలో పోసి చల్లార్చి, శీతలపేటికలో ఉంచవలెను. మఱునాడు త్రాగుటకు ముందు తెర్లునట్లు కాచవలెను. మీగడ కలిపిన సూపు అట్లు కాచినచో విఱిగిపోవును గనుక, దాచదలచిన భాగమును మీగడ కలుపకముందే వేఱుగా తీసి యుంచుకొనవలెను.