మూసీ యొడ్డున మాటాడు రాయి

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి.నగరు పోవు రహదారిపై రేయింబవళ్లు వాహనములు సాగుచుండును. 2018 సెప్టెంబరు 24 నుండి దానిపైని వంతెన మీద మెట్రో రైలు కూడ నడచుచున్నది. ఆ సందడికి దూరముగా, చైతన్యపురిలో మూసీ యొడ్డున కొసగుండ్ల నరసింహస్వామి వెలసిన గుట్ట కలదు. అచ్చటి బండపై బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో కొన్ని పంక్తులు చెక్కబడియున్నవి. అవి విష్ణుకుండిన ప్రభువగు గోవిందవర్మ నాటివనియు, క్రీస్తుశకము 5వ శతాబ్దమునకు చెందినవనియు పండితుల నిర్ణయము. హైదరాబాదు నగరము 1591లో వెలసినది. అంతకు వేయేండ్లకు పైబడిన పూర్వమే ఈ నదీతీరమున కాషాయ వస్త్రములు సంచరించినవి.

ఆ శాసనము గోవిందరాజ విహారమును పేర్కొనుచున్నది. భిక్షాన్నముతో జీవించు భిక్షువులకై ఏర్పడిన రాతి గృహమును గూర్చి చెప్పుచున్నది. బండ గనుక అక్షరము నిలిచినది. అయితే విహారమనగా ఒక్క బండయే కాదు. ఇటుక గోడలు, బావులు, పొయ్యిలు, కుండపెంకులు దాని చుట్టు నుండును. అవి మట్టి కప్పుకొని నిద్రించును. పునాది త్రవ్వు యంత్రమునకు లిపి తెలియదు. అది ఒక్క పూటలో పదునైదు శతాబ్దములను ఎత్తి లారీలో పోయగలదు.

త్రవ్వకమునకు ముందే భూగర్భమును చూచు విద్య యొకటి కలదు. నేలలోనికి స్వల్పముగా విద్యుత్తును పంపినచో తేమ గల మట్టి దానిని సులువుగా పోనిచ్చును; రాతి గోడ అడ్డగించును. కాలిన మట్టిలోని ఇనుప రజను చల్లారునప్పుడు భూమి అయస్కాంత దిశను తనలో నిలుపుకొనును. కనుక ఇటుకను, ఆవమును అయస్కాంతమాపకము పసిగట్టును. రేడియో తరంగములను క్రిందికి పంపి ప్రతిధ్వనిని వినుట మూడవ మార్గము.

ఇది ఊహామాత్రము కాదు. 1958లో ఇంగ్లండునందు వాటర్ న్యూటన్ వద్ద రహదారిని వెడల్పు చేయుటకు ముందు, ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞుడు మార్టిన్ ఐట్‌కెన్ అయస్కాంతమాపకముతో ఆ నేలను పరిశీలించెను. పరికరము చూపిన తావున త్రవ్వగా రోమనుల కాలపు కుమ్మరి ఆవము బయల్పడెను.

తెలుగునేలకును ఇట్టి ముందుచూపు క్రొత్త గాదు. నాగార్జునసాగరపు నీటిలో మునుగనున్న విజయపురి లోయను 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున త్రవ్వి, ముఖ్య కట్టడములను కొండపైకి చేర్చినారు. ఆనకట్టయు నిలిచినది, చరిత్రయు నిలిచినది.

నగరమున ఈ పని సుకరము కాదు. విద్యుత్తు తీగలు, ఇనుప చువ్వలు, కదలు వాహనములు అయస్కాంతమాపకమును తికమక పెట్టును. పరికరము చూపునది సూచనయే. తీర్పు చెప్పునది తుదకు పారయే. అయినను ఖాళీగా మిగిలిన జాగాలో, గుట్ట చుట్టుపట్ల, కట్టడమునకు ముందు కొన్ని దినముల పరిశీలనకు అడ్డమేమి? 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మూసీకి ఆవలి వైపున, ఉప్పల్ రోడ్డుననే యున్నది. విద్య ఒక యొడ్డున, శాసనము వేరొక యొడ్డున!

ఇల్లు కట్టుకొనువాడు భూమిపూజ చేసి, నేలతల్లి అనుమతి వేడును. ఆమె ఒడిలో ఏమున్నదో ఒక్కమారు అడిగి తెలిసికొనుటయు ఆ పూజలో భాగమే కావలెను.