పాత యాంప్లిఫయరుకు విడిభాగాల వేట
నకిలీలతో జాగ్రత్త.. ట్రాన్స్‌ఫార్మరు కాలితే దొరకదు

తెనాలి: శ్రీరామనవమి పందిళ్లలో, నాటక వేదికలపై ఒకప్పుడు మారుమోగిన వాల్వు యాంప్లిఫయర్లు ఇప్పుడు అటకలెక్కాయి. వాటిని దించి మళ్లీ పలికించాలనుకునే వారికి విడిభాగాలు వెతకడమే పెద్ద పని. దొరికిన వాటిలో సరైనదేదో తేల్చుకోవడం అంతకన్నా కష్టం. తొందరపడి స్విచ్చి వేస్తే, బజారులో ఎక్కడా దొరకని భాగం కాస్తా కాలిపోతుంది.

ఆ భాగమే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. వాల్వులకు, స్పీకరుకు నడుమ ఉండే దీనిని ఆ సెట్టుకు తగినట్లుగానే చుడతారు. మోటార్లు చుట్టేవారు దీన్నీ చుట్టగలరు. కానీ ప్రైమరీ, సెకండరీ తీగలను పొరల నడుమ పొరలుగా చుట్టే పద్ధతి తెలియకపోతే శబ్దంలో స్పష్టత పోతుంది. దీన్ని కాపాడుకోవాలంటే ముందుగా చౌక భాగాలను మార్చాలి.

వాటిలో మొదటివి కండెన్సర్లు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలోని ద్రావణం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. స్పీకరులో వినిపించే 'బుయ్' మనే హమ్ముకు చాలాసార్లు ఇదే కారణం. ఇవి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. మైక్రోఫారడ్ విలువ పాతదానికి దగ్గరగా ఉండాలి. ఓల్టేజీ మాత్రం అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి. 450 ఓల్టుల చోట 350 ఓల్టులది వేస్తే పేలే ప్రమాదముంది. దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్న 'కొత్త' సరుకు కన్నా ఇటీవల తయారైనదే మేలు. వాల్వుకూ వాల్వుకూ మధ్య ఉండే చిన్న కాగితపు కండెన్సరును కూడా ఉపేక్షించరాదు. అది లీకైతే తర్వాతి వాల్వు గ్రిడ్డుకు అక్కర్లేని ఓల్టేజీ చేరి, వాల్వు ఎర్రగా కాగి, చివరకు ట్రాన్స్‌ఫార్మరుకే ముప్పు తెస్తుంది.

వాల్వులను ఒకప్పుడు బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసేది. నేడు రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి రావాల్సిందే. 2022లో రష్యా ఎగుమతులకు ఆటంకం ఏర్పడినప్పుడు వీటి ధరలు పెరిగాయి. ఒకే వాల్వుకు రెండు పేర్లుంటాయని తెలియక కొందరు ఊరకే తిరుగుతుంటారు. ఈసీసీ83, 12ఏఎక్స్7 ఒకటే. ఈఎల్34 స్థానంలో 6సీఏ7 సరిపోతుంది. అవుట్‌పుట్‌లో జంటగా పనిచేసే వాల్వులు మాత్రం సమానంగా కరెంటు తీసుకునేవై ఉండాలి.

ట్రాన్సిస్టరు సెట్లదీ మరో చిక్కు. వాటిలో తరచుగా కనిపించే 2ఎన్3055కు నకిలీలు విస్తారం. పైన అదే లోహపు టోపీ, అదే నంబరు. లోపల చిప్పు మాత్రం చిన్నది. కాసేపు బాగానే పాడి, ధ్వని పెంచగానే మాడిపోతుంది. ఇలాంటి కొత్తదాని కన్నా పాత సెట్టు నుంచి ఊడదీసి పరీక్షించినదే నయం. అదే మోడలు పాడైన సెట్టు తుక్కు ధరకు దొరికితే వదులుకోరాదు. నాబుల నుంచి ట్రాన్స్‌ఫార్మరు వరకు అన్నీ అందులోనే ఉంటాయి.

ప్లగ్గు తీసిన తర్వాత కూడా కండెన్సర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. దానిని రెసిస్టెన్సు ద్వారా పూర్తిగా దించి, మీటరుతో సరిచూశాకే చేయి పెట్టాలి. మరమ్మతు ముగిశాక మొదటిసారి సిరీస్ బల్బు ద్వారానే కరెంటు ఇవ్వాలి. బల్బు తళుక్కుమని, తగ్గకుండా అలాగే వెలుగుతుంటే లోపల షార్టు ఉన్నట్టే, వెంటనే ఆపాలి. ఇందుకు ఎల్ఈడీ బల్బు పనికిరాదు; పాతకాలపు ఫిలమెంటు బల్బే కావాలి.